లప్పం కింద తుప్పు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోను చేసినప్పుడు అందరిలాగే హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. తెల్లవారుజామున కుళాయి దగ్గర బకెట్ల వరస, స్టడీ అవర్లో పుస్తకం అడ్డం పెట్టుకుని కునుకు తీయడం, ఇవన్నీ మీకు తెలిసినవే. అందుకని ఈసారి ఒక కారు గురించి రాస్తున్నాను. నా కారు కాదు లెండి! ఒక పాత ప్రీమియర్ పద్మిని. దానికీ ఈ హాస్టల్లో నా రేకు పెట్టెకూ ఉన్న సంబంధం నాకు పోయిన వేసవిలోనే తెలిసింది.

2013 జూన్‌లో ఆరో తరగతిలో చేరినప్పుడు నా పెట్టె చూసి గదిలో అందరూ నవ్వారు. అందరివీ సంతలో కొన్న పలచటి రేకు పెట్టెలు. ఒక చేత్తో ఎత్తొచ్చు. నాది మా నాన్న స్వయంగా చేసింది. ఖాళీగా ఉన్నా ఇద్దరు పట్టుకోవాలి. "లారీ పెట్టె" అని పేరు పెట్టారు. నాకు సిగ్గేసేది. కానీ పదో తరగతి అయ్యేవరకూ దాని మూత వంగలేదు. పరీక్షల ముందు రాత్రుళ్ళు దాని మీదే కూర్చుని చదివేవాణ్ణి.

మా నాన్న బందరులో టింకరింగ్ మేస్త్రీ. కార్లకు, ఆటోలకు సొట్టలు తీస్తాడు. తుప్పు పట్టిన రేకు కోసి కొత్త రేకు అతుకుతాడు. చిన్నతనంలోనే బడి మానేసి విజయవాడ ఆటోనగర్లో పనికి చేరాడు. ఈ సంగతి నేను కాలేజీలో ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. ఫారాల్లో "తండ్రి వృత్తి" అన్నచోట "ప్రైవేటు ఉద్యోగం" అని రాసేవాణ్ణి. అబద్ధం కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి.

పోయిన మే నెలలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వెళ్ళేసరికి మా వాకిట్లో వేపచెట్టు కింద లేతాకుపచ్చ పద్మిని కారు ఉంది. 1988 మోడలు. ఊళ్ళో ఒక రిటైర్డు హెడ్మాస్టారుగారిది. నాన్న కొన్నేళ్ళుగా షెడ్డు పని మానేసి ఇంటి దగ్గరే చిన్నాచితకా పనులు చేసుకుంటున్నాడు. మాస్టారు గారు కారును తాడు కట్టి లాక్కొచ్చి అప్పగించారట. 2018 తర్వాత అది వారి ఇంటి షెడ్డులోంచి బయటికే రాలేదు. "మనవలు వస్తున్నారు. వాళ్ళను ఒక్కసారి ఇందులో మంగినపూడి బీచికి తీసుకెళ్ళాలి. ఇంజను ఇంకో మేస్త్రీ చూస్తాడు. బాడీ నువ్వు చూడు" అన్నారట.

ఇప్పటి తమ్ముళ్ళలో చాలామంది పద్మిని కారు చూసి ఉండరు. ఇటలీ ఫియట్ కంపెనీ 1100 మోడలును బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు తయారు చేసేవారు. 1974 నుంచి దానికి పద్మిని అని పేరు వచ్చింది. ఇంజను 1089 సీసీ. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. ముంబయిలో నలుపు పసుపు టాక్సీలంటే ఇవే. ఆఖరి పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో అక్కడి రోడ్ల మీద నుంచి తప్పుకున్నాయి.

పైకి చూస్తే కారు బాగానే ఉంది. తలుపుల కింద పెయింటు అక్కడక్కడ బుడగలు లేచింది, అంతే. "నాలుగు రోజుల పని" అన్నాను నాన్నతో. నాన్న ఏమీ అనకుండా స్క్రూడ్రైవరు తిరగేసి పట్టుకుని, పిడితో తలుపు కింద భాగాన్ని కొట్టుకుంటూ వెళ్ళాడు. మంచి రేకు దగ్గర టంగుమని మోగింది. తలుపు మధ్యకు వచ్చేసరికి గోడను కొట్టినట్టు డబ్‌డబ్‌మంది. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం నా చేతికిచ్చి "పెట్టి చూడు" అన్నాడు. మంచి రేకుకు అతుక్కున్న అయస్కాంతం అక్కడ జారి కింద పడింది. లోపల రేకు లేదు. లప్పం ఉంది.

తర్వాత జాకీ తెచ్చి తలుపు కింద పెట్టి కొద్దిగా లేపాడు. "ఇప్పుడు తలుపు తియ్యి" అన్నాడు. రాలేదు. జాకీ దించాక వచ్చింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

లారీకి, జీపుకు కింద బలమైన చాసిస్ ఉంటుంది. బాడీ దాని మీద కూర్చుంటుంది. బాడీ తుప్పు పట్టినా చాసిస్ బరువు మోస్తుంది. పద్మినికి అలాంటి విడి చాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింద పెట్టెలా మడిచిన రేకు, స్తంభాలు, టాపు అన్నీ కలిసే బరువు మోస్తాయి. మన వాళ్ళు రన్నింగ్ బోర్డు అనే ఆ తలుపు కింది పెట్టె ఇంటికి దూలం లాంటిది. అది పుచ్చిపోతే కారు నడుములో వంగుతుంది. అందుకే జాకీ ఎత్తగానే తలుపు బిగుసుకుపోయింది. రోడ్డు మీద గుద్దుకుంటే లోపల ఉన్నవాళ్ళకు అడ్డం నిలిచేదేమీ ఉండదు. ఇది అందం కోసం చేసే మరమ్మతు కాదు. ప్రాణాలకు సంబంధించింది.

మొదటిరోజు బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, సీట్లు తీసేశాం. నేల మీది రబ్బరు మ్యాటు లేపితే కింద గోనెలాంటి పరుపు నానిపోయి ఉంది. ముందు అద్దం రబ్బరు చీలి ఎన్నో వానలు లోపలికి కారాయి. మ్యాటు పైన తడి కనబడదు. కింద మాత్రం ఆరదు. పైగా బందరు ఉప్పుగాలి.

పరీక్షలో "డిఫరెన్షియల్ ఏరేషన్ కరోజన్" ప్రశ్నకు బొమ్మ గీసి మరీ జవాబు రాసి వచ్చినవాణ్ణి నేను. ఇనుము మీద గాలి బాగా తగిలేచోట కాకుండా, మట్టి కిందా అతుకుల సందుల్లోనూ గాలి అందని తడి చోటే ఇనుము ముందు కరిగిపోతుందని సమీకరణాలతో రాశాను. కానీ ఆ నేల రేకు ముందు కూర్చుని "బయట బాగున్న కారు లోపల ఎందుకు పోయింది నాన్నా?" అని అడిగాను. "బురద పట్టిన చోటా, మడత ఉన్న చోటా ముందు పోతుంది. ఎండ తగిలేచోట ఆఖరున పోతుంది" అన్నాడు. రెండూ ఒకటేనని నాకు తట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. నేను కాగితం మీద గీసిన బొమ్మ నాన్న ముప్పై ఏళ్ళుగా చేత్తో తడుముతున్నాడు.

రెండో రోజు ఎడమవైపు లప్పం కొట్టడం మొదలుపెట్టాం. ఉలి తగలగానే అరచేయంత పెచ్చులు ఊడాయి. వాటి వెనక ఇనుప జాలీ, జాలీ వెనక ఉండలు చుట్టి కూరిన పాత న్యూస్‌పేపరు. రేకు పెట్టాల్సిన చోట కాగితం కూరి, జాలీ కట్టి, పైన లప్పం రాసి, పెయింటు కొట్టారు. నాకు కోపం వచ్చింది. "ఎవడు నాన్నా ఈ పని చేసింది? వాడికి మనస్సాక్షి లేదా?" అన్నాను.

నాన్న ఉలి కింద పెట్టాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నేనే రా" అన్నాడు.

కాసేపటికి చెప్పాడు. 2013లో రిజిస్ట్రేషను రెన్యువల్ కోసం మాస్టారు ఈ కారును నాన్న కూలికి చేస్తున్న షెడ్డుకు తెచ్చారు. రేకుకు, వెల్డింగుకు పూర్తి డబ్బు కట్టారు. రేకు వచ్చింది కూడా. అయితే షెడ్డు యజమాని "వారం పని ఎవడు చేస్తాడు? రెండు రోజుల్లో లప్పం పెట్టి ఇచ్చెయ్" అన్నాడు. నాన్న కాదనలేదు. అది జూన్ నెల. నన్ను హాస్టల్లో చేర్చాలి. పెట్టె కావాలి, ప్లేటు, గ్లాసు, దుప్పటి కావాలి. అడ్వాన్సు అడిగితే యజమాని డబ్బు లేదని, మిగిలిపోయిన రేకు తీసుకెళ్ళమన్నాడు. మామూలు పెట్టెలకు వాడేదాని కంటే చాలా మందం, 18 గేజి రేకు.

"నీ పెట్టె అదే" అన్నాడు నాన్న.

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఈ కారు నడుముకు వేయాల్సిన రేకు మీద కూర్చుని నేను ఐదేళ్ళు చదువుకున్నాను. ఆ ఐదేళ్ళూ మాస్టారు గారు, వారి భార్య న్యూస్‌పేపరు కూరిన కారులో ఆస్పత్రికీ, గుడికీ, విజయవాడకూ తిరిగారు. ఏమీ జరగలేదు. జరగకపోవడం మా అదృష్టం తప్ప మా మంచితనం కాదు.

"మాస్టారికి చెప్పొద్దులే నాన్నా. ఎలాగూ ఇప్పుడు సరిగ్గా చేస్తున్నావు కదా" అన్నాను. అప్పుడు నిజంగా అలాగే అనిపించింది. నాన్న నా వైపు చూసి "మళ్ళీ లప్పం పెట్టమంటావా?" అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరం వారింటికి వెళ్ళాం. నాన్న అరుగు మీద కూర్చోలేదు. నిలబడే ఉన్నదంతా చెప్పాడు. నా పెట్టె సంగతి కూడా దాచలేదు. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. లోపల గోడకు వారి భార్య ఫోటో, దండ ఉన్నాయి. ఆవిడ 2018లో పోయారని, అప్పటి నుంచే కారు కదల్లేదని నాకు అప్పుడే తెలిసింది. చివరికి ఆయన "నాకు కోపం రాలేదని చెప్పను" అన్నారు. "ఆవిణ్ణి ఆ కారులోనే తిప్పాను. అప్పుడు నువ్వు కూలివాడివి, నిజమే. ఇప్పుడు నీ మీద యజమాని ఎవరూ లేరు. సరిగ్గా చెయ్యి. చేసేటప్పుడు నన్ను పిలువు, చూస్తాను." నాన్న కూలి వద్దన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. చివరకు సామాను డబ్బు ఆయన ఇచ్చేటట్టు, కూలి సగమే తీసుకునేటట్టు కుదిరింది.

మర్నాటి నుంచి అసలు పని మొదలైంది. నేను గ్రైండరు పట్టుకుని పుచ్చినదంతా ఒక్కసారే కోసేద్దామన్నాను. నాన్న ఆపాడు. దూలం మార్చేముందు ఇంటికి పోట్లు పెట్టినట్టు ముందు కారుకు పోట్లు పెట్టాలి. కారును చదునైన నేల మీద, చక్రాలు తగిలించే బలమైన చోట్ల దుంగలు పేర్చి నిలబెట్టాం. తలుపు తీసేసి, ఆ ఖాళీలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనుప యాంగిలు వెల్డు చేశాం. తలుపు చట్రం మూల నుంచి మూలకు రెండువైపులా దారంతో కొలిచి గోడ మీద సుద్దతో రాశాం. రోజూ పని ముందూ, తర్వాతా కొలత సరిచూశాం. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క ముట్టుకోలేదు. పోట్లు లేకుండా కోస్తే కారు కిందికి వాలిపోతుంది. వాలిన చోట కొత్త రేకు అతికితే ఆ వంకర శాశ్వతంగా ఉండిపోతుంది.

ఆ రోజుల్లో నేను పాత కార్ల మరమ్మతు గురించి ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లండులో ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు ఉంది. 1962 నుంచి 1980 వరకు ఆబింగ్డన్ అనే ఊళ్ళో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. దానికీ విడి చాసిస్ లేదు. టాపు లేని రకంలో పైన కలిపి పట్టే రేకు కూడా ఉండదు కాబట్టి బరువంతా తలుపుల కింది పెట్టె మీదా, నేల మీదా పడుతుంది. అదే అక్కడ మొదట తుప్పు పడుతుంది. చలికాలంలో మంచు కరగడానికి అక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అభిమానులు సొంత ఇళ్ళ దగ్గర వాటిని బాగుచేసుకుంటారు. వాళ్ళు చెప్పే జాగ్రత్తలు కూడా ఇవే: కోసేముందు తలుపు ఖాళీలో ఊత పెట్టు, ఒక్కోవైపే కోయి, తలుపు సందులు చూసుకుంటూ ఉండు. నాన్నకు చదివి వినిపిస్తే "వాళ్ళకూ ఉప్పేనా!" అని నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదలు.

పెయింటు మీద కనబడిన బుడగ జానెడు. గోకుతూ వెళితే రెండున్నర అడుగులు పోయింది. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అతుకుల మధ్య చేరితే ఉబ్బి అతుకునే విడదీస్తుంది. "తెల్లగా మెరిసే ఇనుము వచ్చేదాకా కొయ్యాలి. కోయడానికి మనసొప్పక తుప్పు అంచుకే అతికితే, టార్చి తగలగానే చిల్లి పడుతుంది" అన్నాడు నాన్న. నేను మొండికేసి ఒకచోట అలాగే అతికి చూశాను. పడింది.

లోపలి రేకు ముందు, పైరేకు తర్వాత. 18 గేజి అంటే ఇంచుమించు 1.2 మిల్లీమీటర్లు. గ్యాస్ వెల్డింగుతో ఒకేచోట గీత లాగితే వేడికి రేకు అప్పడంలా వంకర తిరుగుతుంది. అందుకని ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, మళ్ళీ మధ్యలో ఒకటి, ఇలా ఆరనిస్తూ అతికాం. పక్కన బకెట్టు నీళ్ళు, ఇసుక ఎప్పుడూ ఉన్నాయి. మాస్టారు గారు రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పైరేకు మూసేముందు నాన్న టార్చిలైటు వేసి లోపలంతా ఆయనకు చూపించాడు. వెనక చక్రాల కమాను కట్టలు తగిలించే చోట కూడా నేల రేకు పుచ్చి ఉంటే, అక్కడ ఇంకా మందమైన రేకుతో పెట్టె కట్టాం.

నా చదువు ఒకచోట పనికొచ్చింది. కోయడానికి వీల్లేని మడతల్లో మిగిలిన పైపై తుప్పుకు పలచటి ఫాస్ఫారిక్ ఆమ్లం రాయించాను. అది తుప్పును ఇనుప ఫాస్ఫేటు పొరగా మారుస్తుంది. నల్లబడ్డాక కడిగి, బాగా ఆరబెట్టి, దాని మీద రెడ్ ఆక్సైడ్ కొట్టాం. నాన్న ఆ మార్పు చూసి "ఇది మాకు ఎవరూ చెప్పలేదే" అన్నాడు. అయితే పుచ్చి చిల్లు పడినదాన్ని ఏ ఆమ్లమూ బాగుచేయలేదు. దానికి కోత ఒక్కటే దారి.

నా తెలివి ఇంకోచోట బెడిసికొట్టింది. పైరేకు అడుగున ఉన్న చిన్న చిల్లుల్లోంచి నీళ్ళు లోపలికి వెళ్తాయని వాటిని వెల్డింగుతో మూసేశాను. నాన్న తల కొట్టుకున్నాడు. "నీళ్ళు రాకుండా ఆపడం ఎవడి తరమూ కాదురా. వచ్చిన నీళ్ళు పోవడానికి దారి ఉంచాలి" అని మళ్ళీ డ్రిల్లుతో చిల్లులు వేశాడు.

మొత్తం ఇరవై మూడు రోజులు పట్టింది. చివర్లో యాంగిళ్ళు కోసేసి, తలుపులు బిగించి, నాన్న మళ్ళీ అదేచోట జాకీ పెట్టి లేపాడు. మాస్టారు గారే తలుపు తీశారు. సాఫీగా వచ్చింది. వేశారు. టక్కుమని పడింది. మూడుసార్లు తీసి వేశారు. ఏమీ అనలేదు. నాన్న భుజం మీద చెయ్యి వేశారు. జూన్‌లో మనవలు వచ్చాక మంగినపూడి వెళ్ళొచ్చి, ఆ సాయంత్రమే కారు అడుగు మంచినీళ్ళతో కడిగించారట. ఉప్పు సంగతి నాన్నే చెప్పి పంపాడు.

తమ్ముళ్ళూ, ఈ కథ నీతి చెప్పడానికి రాయలేదు. అయినా ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. నాకు ఇంటర్లో లెక్కలు సరిగ్గా రావు. అడిగితే నవ్వుతారని గైడు బట్టీపట్టి గట్టెక్కాను. ఎం.ఎస్సీ.లో ఫిజికల్ కెమిస్ట్రీ దగ్గర అది బయటపడింది. కారు పని అయ్యాక కాలేజీకి వెళ్ళి, నాకంటే చిన్నవాడైన బి.ఎస్సీ. కుర్రాడి దగ్గర కూర్చుని కలనగణితం మొదటి నుంచి చెప్పించుకున్నాను. సిగ్గు మొదటి రోజే. మీలో ఎవరికైనా ఏ పాఠమైనా అలా మిగిలిపోయి ఉంటే సీనియర్లను అడగండి. నన్నూ అడగండి.

ఈ ఏడాది స్కాలర్‌షిప్పు ఫారంలో "తండ్రి వృత్తి" దగ్గర "టింకరింగ్ మేస్త్రీ" అని రాశాను. గుమాస్తా తల కూడా ఎత్తకుండా ముద్ర వేసి పక్కన పెట్టాడు. ఇన్నేళ్ళు నేను భయపడింది ఆ ముద్రకా అనిపించింది.

నా లారీ పెట్టె ఇంకా మన హాస్టల్లోనే ఉంది. నేను వెళ్ళేటప్పుడు ఒక ఆరో తరగతి తమ్ముడికి ఇచ్చాను. అతను వెళ్తూ ఇంకొకరికి ఇచ్చాడట. తిరిగి ఇస్తామంటే మాస్టారు గారే వద్దన్నారు, "చదువుకునే పిల్లల దగ్గరే ఉండనివ్వు" అన్నారు. ఇప్పుడు అది ఎవరి దగ్గర ఉందో ఆ తమ్ముడికి ఒక మనవి. నేల తుడిచినప్పుడు తడి దాని అడుగున నిలుస్తుంది. పైకి కనబడదు. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టు. నెలకోసారి వెల్లకిలా తిప్పి అడుగు చూడు. బుడగ కనబడితే పెయింటు కొట్టకు. ముందు గోకి చూడు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

— హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (కెమిస్ట్రీ) చివరి సంవత్సరం